స్కాట్లాండ్‌లో అడవి దుప్పుల నియంత్రణ

స్కాట్లాండ్ కొండల్లో మితిమీరి పెరిగిన దుప్పులను ఏటేటా వేటాడి తగ్గించడం అక్కడి పర్యావరణ విధానంలో ముఖ్యమైన భాగం. అడవి తనంతట తాను మొలిచి ఎదగాలన్నా, కర్బనాన్ని దాచుకున్న పీట్ నేలలు కోలుకోవాలన్నా మేసే నోళ్లు తగ్గాలి. నికర గ్రీన్‌హౌస్ వాయు ఉద్గారాలను 2045 నాటికి సున్నాకు తేవాలని ఆ దేశం చట్టంలోనే రాసుకుంది. 1990లో సుమారు 5 లక్షలుగా అంచనా వేసిన దుప్పుల సంఖ్య ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో 10 లక్షలకు చేరువైంది.

అక్కడ ఉన్నవి నాలుగు జాతులు. రెడ్ డీర్, రో డీర్ స్థానికమైనవి. సికా, ఫాలో జాతులు బయటి నుంచి తెచ్చినవి. కొండల మీద గుంపులుగా తిరిగే రెడ్ డీర్ వీటన్నిటిలో పెద్దది, మన కణుజుకు బంధువు. విధానపరమైన వాదనలు ఎక్కువగా దాని చుట్టూనే నడుస్తాయి.

కారణాలు

లింక్స్ అనే పెద్ద అడవిపిల్లి మధ్యయుగాల్లోనే అంతరించింది. 18వ శతాబ్దం తర్వాత అక్కడ తోడేలు కూడా లేదు. మన నల్లమలలో పులి, చిరుత, రేచుకుక్క కలిసి చేసే పనిని స్కాట్లాండ్‌లో చేయడానికి ఒక్క జంతువూ మిగల్లేదు. దీనికి విక్టోరియా కాలపు వేట సరదా తోడైంది. 1852లో బాల్మోరల్ ఎస్టేటు రాజకుటుంబం చేతికి వచ్చాక, కొండ ప్రాంతంలో వేట ఎస్టేటు కలిగి ఉండటం సంపన్నులకు హోదాగా మారింది. ఏటా ఎన్ని మగ దుప్పులను వేటాడవచ్చో చూసి ఎస్టేటుకు ధర కట్టేవారు. అందుకే మంద పలచబడటం యజమానులకు ఇష్టం ఉండేది కాదు.

మేత వల్ల జరిగే నష్టం

హీదర్ పొదల మధ్య మోకాలెత్తు రోవన్ మొక్కను దగ్గరగా చూస్తే విషయం బోధపడుతుంది. దాని కొమ్మలన్నీ మొండిగా, పక్కలకు గుబురు కట్టి ఉంటాయి. పొద పైకి తల ఎత్తినప్పుడల్లా దుప్పి ఆ చిగురును కొరికేస్తుంది. వేరు బతికే ఉంటుంది, వయసు పెరుగుతుంది, ఎత్తు మాత్రం పెరగదు. చుట్టూ ఉన్న ముదురు చెట్లు ఒక్కొక్కటే కూలిపోతుంటే వాటి స్థానంలోకి పిల్ల చెట్టు రాదు. ప్రాచీన కలెడోనియన్ పైన్ అడవి నేడు 84 చోట్ల ముక్కలుగా మిగిలింది. వాటిలో చాలా చోట్ల ఉన్న ముప్పు ఇదే.

పీట్ నేలలు దేశ విస్తీర్ణంలో 20 శాతానికి పైగా ఉన్నాయి. వేల ఏళ్లుగా కుళ్లని నాచు పేరుకుని ఏర్పడిన ఈ నేలల్లో సుమారు 170 కోట్ల టన్నుల కర్బనం ఉందని అంచనా. కాలువలు తవ్వి, మంటలు పెట్టి వీటిని పాడుచేసింది ప్రధానంగా మనుషులే. అయితే పైపొర లేచిపోయిన చోట దుప్పుల గుంపులు తొక్కుతూ, బురదలో పొర్లుతూ ఉంటే కొత్త నాచు పట్టుకోదు. మరమ్మతుకు పెట్టిన డబ్బు వానకు కొట్టుకుపోతుంది.

కంచె ఎందుకు చాలదు

కంచె కట్టి మొక్కలను కాపాడటం పాత పద్ధతి. అది ఖర్చుతో కూడిన పని, పైగా లోపలికి రాలేని మంద బయటి నేలను మరింత మేస్తుంది. కాపర్‌కైలీ అనే పెద్ద అడవికోడి ఎగురుతూ కంచెలకు గుద్దుకుని చచ్చిపోతుంది. 2021–22 శీతాకాలపు సర్వే అంచనా ప్రకారం దేశం మొత్తం మీద మిగిలినవి 500 పైచిలుకు పక్షులే. ఒక పక్షి జాతి అంతరించే స్థితిలో ఉన్నప్పుడు కంచెను సురక్షితమైన మార్గం అనలేం.

కంచె లేకుండా సాధించవచ్చని తొలుత గట్టిగా చూపిన చోటు క్రెగ్ మెగీ. సిట్కా స్ప్రూస్ తోటగా మారబోతున్న ఆ కొండను 1985లో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ కొన్నది. ఏళ్ల తరబడి దుప్పులను తగ్గించుకుంటూ వచ్చాక, ఎవరూ నాటకుండానే బర్చ్ చెట్లు వాలు మీదికి పాకాయి. గ్లెన్ ఫెషీ లోయలో 2004లో పెద్ద ఎత్తున వేట మొదలుపెట్టినప్పుడు, వేట ఎస్టేట్లలో పనిచేసే గేమ్‌కీపర్లు నిరసనకు దిగారు. నేడు ఆ లోయలో పైన్ మొక్కలు దట్టంగా లేస్తున్నాయి.

చట్టం, ఆచరణ

అడవి దుప్పికి చట్టరీత్యా యజమాని లేడు. వేటాడే హక్కు మాత్రం భూమితో పాటు వస్తుంది. 1959 చట్టంతో రెడ్ డీర్ కమిషన్ ఏర్పడింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 1996 నాటి చట్టం, పర్యవేక్షణ ప్రభుత్వ ప్రకృతి సంస్థ నేచర్‌స్కాట్‌ది. దుప్పుల నిర్వహణపై 2017లో ఏర్పడిన స్వతంత్ర బృందం 2020లో 99 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. కొండ ప్రాంతపు బయళ్లలో చదరపు కిలోమీటరుకు 10 రెడ్ డీర్‌లను గరిష్ఠ పరిమితిగా తీసుకోవాలన్నది వాటిలో ఒకటి. 2023 అక్టోబరులో మగ దుప్పులకు వేట నిషేధ కాలాన్ని ఎత్తేశారు. ఆడవాటికి మాత్రం ఆ కాలాన్ని ఉంచారు. తల్లి చస్తే కూన ఆకలితో చస్తుంది కాబట్టి ఇది న్యాయమైన నిర్ణయం.

ఏటా లక్షకు పైగా దుప్పులను కాలుస్తారు. ఆ పని చేసే స్టాకర్ తడి నేల మీద పాకుతూ, గాలి తన వాసనను మంద వైపు మోయకుండా చూసుకుంటూ దగ్గరికి చేరతాడు. పడిన జంతువు పేగులను అక్కడే తీసి వదిలేస్తే గద్దలు, కాకులు తింటాయి. మిగిలిన దేహాన్ని గుర్రం మీదో, బురదలో నడిచే బండి మీదో కిందికి చేర్చి తూచి, దవడను బట్టి వయసు రాసుకుంటారు. మాంసం అమ్మకానికి పోతుంది.

అభ్యంతరాలు

వేట ఎస్టేట్ల మీద బతికే మారుమూల కుటుంబాల ఆందోళనను కొట్టిపారేయకూడదు. మగ దుప్పులు తగ్గితే అతిథుల రాక, దానితో జీతం తగ్గుతాయన్న భయం నిజమైనదే. ఆ నైపుణ్యాన్ని అడవి పెంపకానికి వాడుకుని జీతం ఇవ్వాల్సింది ప్రభుత్వమే. చంపడం క్రూరం అన్న మాటకు మాత్రం కొండల దగ్గరే జవాబుంది. మేత చాలని మందలో బక్కచిక్కిన జంతువులు చలికాలం చివర ఆకలితోనే కూలిపోతాయి.

దుప్పులను వేటాడే జంతువులను తిరిగి తేవాలన్న వాదన కూడా ఉంది. 167 తోడేళ్లుంటే పెరిగే అడవి ఏటా 10 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోగలదని 2025లో లీడ్స్ విశ్వవిద్యాలయం నేతృత్వంలోని అధ్యయనం లెక్కగట్టింది. అదే ఏడాది జనవరిలో గుర్తుతెలియని వ్యక్తులు అక్రమంగా వదిలిన నాలుగు లింక్స్‌లను పట్టుకోగా, వాటిలో ఒకటి చనిపోయింది. తోడేళ్లను వదిలే ప్రభుత్వ పథకం ఏదీ లేదు, అందుకే భారం మనిషి వేట మీదే ఉంది. ఎదిగిన ఆడ రెడ్ డీర్ దాదాపు ఏటా ఒక కూనను కంటుంది కాబట్టి, కొన్నేళ్లు వేట ఆపితే మంద మళ్లీ పెరుగుతుంది.