ఇంటి పందిరి నుంచి కిరాయి మండపానికి: భైంసా ప్రాంతంలో వివాహ వేదిక వ్యయ పరిణామం

భైంసా పరిసర గ్రామాలలో వివాహం చిరకాలం ఇంటి ముంగిట పచ్చని పందిరి కిందనే జరిగింది. గుంజలు పాతడం, కొమ్మలు కప్పడం, వంటచెరకు చేర్చడం బంధువుల, ఇరుగుపొరుగువారి శ్రమతో సాగేవి. చదివింపుల రూపంలో అందిన సాయం మరొక పెండ్లిలో తీర్చవలసిన బాకీగా నిలిచేది. కనుక ఆనాటి వేదిక ఉచితం కాదు. దాని వెల నగదు లెక్కలోకి రాలేదంతే.

ఫంక్షన్ హాలు ఆ శ్రమను కిరాయిగా మార్చింది. ముహూర్తాలు కొద్ది దినాలకే పరిమితం కావడంతో ఒకే హాలుకు పలు కుటుంబాలు పోటీపడతాయి. బయానా, విద్యుత్తు, జనరేటరు, అలంకరణ, శుభ్రత రుసుములు విడివిడిగా చేరుతాయి.

ప్రభుత్వం 1997 జూలై 1 నుంచి మండప నిర్వాహకుల సేవపై 5 శాతం సేవాపన్ను విధించింది. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చాక 18 శాతం వర్తించింది. పన్ను వర్తించే హాలులో 50,000 రూపాయల కిరాయిపై అది 9,000 రూపాయలవుతుంది. నమోదిత ధార్మిక సంస్థల ఆలయ ప్రాంగణ మండపాలకు రోజు కిరాయి 10,000 రూపాయల లోపైతే మినహాయింపు కల్పించారు.

2014 అక్టోబర్ 2న 51,000 రూపాయలతో ఆరంభమైన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ సాయం 2017లో 75,116కు, 2018లో 1,00,116కు పెరిగింది. సాయం స్థిరమైన మొత్తం. కిరాయి ముహూర్తాన్ని బట్టి మారేది. ఒకప్పుడు శ్రమతో తీర్చుకోగలిగిన వ్యయాన్ని పేద కుటుంబం నేడు ముందుగానే నగదుగా సమకూర్చుకోవలసి వస్తున్నది. వేదిక మార్పులోని అసలు భారం ఇదే.