నింద నుంచి శిక్షణ దాకా

ఆటిజం, ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే పద్ధతికి సుమారు అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అంతకుముందు పిల్లవాడి ఇబ్బందికి కన్నవాళ్లే కారణమని వైద్యులు నమ్మిన కాలం ఒకటి నడిచింది. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని వివరించాడు. అది పుట్టుకతో వచ్చేదని అప్పుడు రాసిన ఆయనే, 1949లో తల్లిదండ్రుల్లో ఆప్యాయత లేదని, పిల్లలు ఫ్రిజ్‌లో పెట్టినట్టు పెరిగారని రాశాడు. షికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ ఈ వాదాన్ని పట్టుకుని, పిల్లలను ఇంటికి దూరంగా ఉంచడమే చికిత్సగా చేసుకున్నాడు. 1967లో ఆయన రాసిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ ఈ నిందను జనంలో పాతుకునేలా చేసింది.

దీన్ని ముందుగా ఎదిరించినవాడు ఒక తండ్రే. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్, ఇది శరీర నిర్మాణానికి, మెదడుకు సంబంధించినదని 1964లో పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది తల్లిదండ్రుల జాతీయ సంఘం ఏర్పడింది. 1969లో ఆ సంఘం సభకు వచ్చిన కానర్, తల్లిదండ్రులు నిర్దోషులని అందరి ముందూ చెప్పాడు.

నింద తొలగడం ఒక ఎత్తు, నేర్పడం మరో ఎత్తు. షికాగోలోనే చదువుకుని బెటెల్‌హైమ్ వాదాన్ని తిరస్కరించిన ఎరిక్ షాప్లర్, 1966లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ రైక్లర్‌తో కలిసి కొత్త ప్రయోగం మొదలుపెట్టాడు. థెరపిస్ట్ పిల్లవాడికి పని నేర్పుతుంటే, ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక కూర్చుని తల్లిదండ్రులు చూసేవారు. ఇంట్లో సాధన చేశాక వాళ్లే అద్దం ముందుకు వచ్చి నేర్పేవారు, థెరపిస్ట్ వెనక నుంచి చూసేవాడు. ఈ పద్ధతిలో తల్లిదండ్రులు సహ చికిత్సకులు. 1972లో రాష్ట్ర శాసనసభ దీన్ని ‘టీచ్’ పేరుతో రాష్ట్రవ్యాప్త కార్యక్రమంగా మార్చింది.

మరుసటి ఏడాదే ఈ ఆలోచనకు మరో ఆధారం దొరికింది. లాస్ ఏంజెలెస్‌లో ఐవార్ లోవాస్ చికిత్స పొందిన పిల్లలను కొంతకాలం తర్వాత మళ్లీ పరిశీలించాడు. శిక్షణ పొందిన తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లినవాళ్లు నేర్చుకున్నది నిలబెట్టుకున్నారు. ఆసుపత్రికి తిరిగి వెళ్లినవాళ్లు మరిచిపోయారు. విస్కాన్సిన్‌లో 1969లో మొదలైన పోర్టేజ్ కార్యక్రమం నేరుగా ఇంటికే వెళ్లింది. ఊళ్లు దూరదూరంగా ఉండడంతో టీచరు వారానికోసారి వచ్చి, ఆ వారం నేర్పాల్సింది చేసి చూపి, తల్లి రోజూ గుర్తులు పెట్టుకునే చార్టు ఇచ్చి వెళ్లేది.

మన దేశంలో ఈ పని ముందుగా బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం సాగింది. 1984లో సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఏర్పడిన జాతీయ సంస్థ తినడం, పళ్లు తోముకోవడం, బట్టలు వేసుకోవడం వంటి పనులను మెట్లుమెట్లుగా నేర్పడానికి చిన్న పుస్తకాలు వేసింది. ఉదాహరణకు నిక్కరు వేసుకోవడం నేర్పేటప్పుడు, తల్లి దాన్ని మోకాళ్ల దాకా ఎక్కించి, చివరి లాగుడు పిల్లవాడికి వదిలేస్తుంది. అది వచ్చాక తల్లి ఒక్కో మెట్టు ముందే ఆపి, మిగతాది పిల్లవాడికి వదిలేస్తుంది. ప్రతిసారీ పని పూర్తిచేసింది పిల్లవాడే కాబట్టి ఉత్సాహం తగ్గదు. 1991లో ఢిల్లీలో మొదలైన యాక్షన్ ఫర్ ఆటిజం, తల్లీబిడ్డలిద్దరూ కలిసి హాజరయ్యే శిక్షణ నడిపింది.

నిపుణులు చాలని చోట ఏం చేయాలన్న ప్రశ్నకు గోవా, రావల్పిండిలలో జరిగి 2016లో ప్రచురితమైన ప్రయోగం జవాబిచ్చింది. అక్కడ శిక్షణ ఇచ్చింది డాక్టర్లు కాదు, మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లి పిల్లవాడితో ఆడుకుంటుండగా వీడియో తీసి, ఆమెతో కలిసి చూస్తూ, పిల్లవాడి చూపు ఎటు పోయిందో, ఆమె ఎప్పుడు స్పందించిందో మాట్లాడేవారు. పిల్లలు తమంతట తాము తల్లిదండ్రులను పలకరించడం పెరిగింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శిక్షణలో తొమ్మిది బృంద సమావేశాలు, మూడు ఇంటి సందర్శనలు ఉంటాయి. తల్లిదండ్రుల మానసిక ఆరోగ్యం కూడా అందులో ఒక పాఠమే. ఒకప్పుడు నిందగా మోపిన బరువు ఇప్పుడు బాధ్యత పేరుతో తల్లి ఒక్కదాని మీదే పడకుండా ఉండాలంటే ఆ పాఠం తప్పనిసరి.