కవాసాకి వ్యాధి

కవాసాకి వ్యాధి ప్రధానంగా ఐదేళ్ళ లోపు పిల్లలకు వచ్చే ఒక రక్తనాళాల వ్యాధి. ఇది తీవ్రమైన జ్వరంతో మొదలవుతుంది. ఇందులో మధ్యస్థ పరిమాణం గల ధమనుల గోడలు వాచి దెబ్బతింటాయి. పైకి కనిపించేవి ఒంటిమీది దద్దుర్లు, ఎర్రబడిన కళ్ళు, పగిలిన పెదవులు, కొన్నాళ్ళకు వేళ్ళ చివరల నుండి పొరలుగా ఊడివచ్చే చర్మం. ముప్పు మాత్రం గుండె కండరానికి రక్తాన్ని అందించే హృదయ ధమనులకు (కరోనరీ ధమనులకు) ఉంటుంది. చికిత్స అందని పిల్లలలో సుమారు నాలుగవ వంతు మందికి ఈ ధమనులు బుడగలా ఉబ్బుతాయి. సకాలంలో చికిత్స అందితే ఈ ప్రమాదం సుమారు 5 శాతానికి లేదా అంతకంటే తక్కువకు తగ్గుతుంది. అభివృద్ధి చెందిన దేశాలలో పిల్లలకు పుట్టుకతో కాక తరువాత వచ్చే గుండె జబ్బులకు ఇదే ముఖ్య కారణం.

వ్యాధికి ఈ పేరు దీనిని మొదట వర్ణించిన జపాను పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి (1925-2020) నుండి వచ్చింది. మోటారు సైకిళ్ళ ద్వారా మన దేశంలో సుపరిచితమైన కవాసాకి సంస్థకు, ఈ వైద్యునికి సంబంధం లేదు.

చరిత్ర

1961 జనవరిలో టోక్యో నగరంలోని రెడ్ క్రాస్ ఆసుపత్రికి నాలుగేళ్ళ బాలుడొకడు జ్వరం, దద్దుర్లు, ఎర్రని కళ్ళు, ఎర్రని నాలుకతో వచ్చాడు. అప్పటికి తెలిసిన ఏ వ్యాధితోనూ ఆ లక్షణాలు పూర్తిగా సరిపోలేదు. బాలుడు కోలుకుని ఇంటికి వెళ్ళాడు గాని, అతని వ్యాధి ఏమిటో కవాసాకి తేల్చలేకపోయాడు. మరుసటి సంవత్సరం అవే లక్షణాలతో మరొక బిడ్డ రావడంతో ఇది కొత్త వ్యాధి కావచ్చునన్న అనుమానం ఆయనకు కలిగింది. ఆరేళ్ళ పాటు ఓపికగా సేకరించిన 50 మంది పిల్లల వివరాలను 1967లో జపాను భాషలో ప్రచురించాడు. ఇది దానంతటదే తగ్గిపోయే జబ్బు అని ఆయన మొదట భావించాడు. దీనికి గుండెతో సంబంధం ఉన్నదని ఇతర జపాను వైద్యులు చెప్పినప్పుడు వాదోపవాదాలు జరిగాయి. 1970లో జరిగిన దేశవ్యాప్త సర్వేలో, కోలుకుంటున్న పిల్లలు కొందరు హఠాత్తుగా గుండె సమస్యతో మరణించిన సంగతి బయటపడడంతో ఆ వాదనకు తెర పడింది.

1974లో కవాసాకి రచన ఆంగ్లంలో వెలువడింది. ఇంచుమించు అదే కాలంలో హవాయి దీవులలో మరియన్ మెలిష్, ఆమె సహచరులు జపాను పరిశోధన సంగతి తెలియకుండానే ఇదే వ్యాధిని విడిగా గుర్తించారు. ఒక వైద్యుడు తనకు అర్థం కాని కేసును మరచిపోకుండా దాచి ఉంచుకోవడమే ఈ చరిత్రకు మూలం.

లక్షణాలు

జ్వరం సాధారణంగా 39 డిగ్రీల సెల్సియస్ (102 డిగ్రీల ఫారన్‌హీట్) దాటి ఉంటుంది. పారాసిటమాల్ వేసినా పూర్తిగా దిగదు, యాంటీబయాటిక్ మందులకు లొంగదు. చికిత్స లేకపోతే ఒకటి నుండి మూడు వారాల వరకు కొనసాగుతుంది. బిడ్డ విపరీతమైన చిరాకుతో, ఎత్తుకున్నా ఊరుకోకుండా ఏడుస్తూ ఉండడం ఈ వ్యాధిలో ప్రత్యేకంగా గమనించదగినది.

ఐదు రోజులు లేదా అంతకంటే ఎక్కువ కాలం జ్వరం ఉండి, ఈ క్రింది ఐదింటిలో కనీసం నాలుగు కనిపిస్తే, వాటికి మరే కారణమూ లేనప్పుడు, కవాసాకి వ్యాధిగా నిర్ధారిస్తారు. మొదటిది, రెండు కళ్ళూ ఎర్రబడడం. కండ్లకలకలో వలె పుసి కట్టదు. రెండవది, పెదవులు ఎర్రబడి పగిలి రక్తం చిమ్మడం, నాలుక స్ట్రాబెర్రీ పండులా మారడం. ఆ పండును చూడని వారు, ముదురు ఎరుపు రంగులో గింజల వంటి బొడిపెలు తేలిన నాలుకను ఊహించుకోవచ్చు. మూడవది, ఒంటిమీద దద్దుర్లు. నాలుగవది, అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి వాయడం, తరువాత చర్మం ఊడడం. ఐదవది, మెడలో ఒక ప్రక్కన 1.5 సెంటీమీటర్లకు మించి బిళ్ళ కట్టడం. ఇవన్నీ ఒకే రోజున కలిసి కనిపించవు. సోమవారం ఉన్న దద్దుర్లు గురువారం నాటికి మాయం కావచ్చు, అప్పుడే కళ్ళు ఎర్రబడవచ్చు. అందువలన తల్లిదండ్రులు ఏ రోజున ఏమి చూశారో చెప్పడం, వీలైతే ఫోటో తీసి చూపడం వైద్యునికి ఎంతో ఉపయోగపడుతుంది.

దద్దుర్లకు ఒకే రూపం ఉండదు. తట్టు (పొంగు) పోసినట్లు గాని, పెద్ద ఎర్ర మచ్చలుగా గాని రావచ్చు. నీటి పొక్కులు మాత్రం సాధారణంగా ఉండవు. చామనచాయ, నలుపు రంగు ఒళ్ళు గల పిల్లలలో ఈ ఎరుపు తేలికగా కంటికి ఆనదు. పుస్తకాలలోని చిత్రాలు ఎక్కువగా తెల్లని ఒంటివి కావడంతో పోల్చుకోవడం మరింత కష్టమవుతుంది. బి.సి.జి. టీకా మచ్చ చుట్టూ ఎర్రబడి గట్టిపడడం కొందరు పసిపిల్లలలో కనిపిస్తుంది. ఆ టీకా దాదాపు అందరికీ వేసే భారతదేశంలో, జపానులో ఇది విలువైన గుర్తు.

చర్మం ఊడడం

చాలా కుటుంబాలను భయపెట్టేది, ఆసుపత్రికి పరుగెత్తించేది ఈ లక్షణమే. జ్వరం మొదలైన రెండు మూడు వారాలకు గోరు, చర్మం కలిసే చోట పొర లేచి, అక్కడి నుండి వేళ్ళ మీదుగా కొన్నిసార్లు అరచేయి, అరికాలు మొత్తం పొరలుగా ఊడుతుంది. గజ్జలు, మలద్వారం చుట్టూ ఉన్న చర్మం మాత్రం మొదటి వారంలోనే ఎర్రబడి పొట్టు రాలవచ్చు. ఒకటి రెండు నెలలకు గోళ్ళపై అడ్డంగా గాడులు పడడం కూడా ఉన్నది.

ఊడడం వలన బిడ్డకు హాని లేదు. క్రింద కొత్త చర్మం సిద్ధంగా ఉంటుంది. పొరను లాగకుండా వదిలివేస్తే చాలు. చిక్కు అంతా సమయంలో ఉన్నది. చర్మం ఊడే నాటికి జ్వరం తగ్గి, బిడ్డ ఆడుకుంటూ ఉంటాడు; అయితే ధమనులు ఉబ్బడం తరచుగా బయటపడేది, రక్తంలో ఫలకికలు (ప్లేట్‌లెట్లు) విపరీతంగా పెరిగేది కూడా ఆ రోజులలోనే. చర్మం ఊడే దాకా ఆగి వ్యాధిని గుర్తించడమంటే, మందు బాగా పనిచేసే మొదటి పది రోజులను పోగొట్టుకోవడమే. అయినప్పటికీ, కొద్ది వారాల క్రితం కారణం తెలియని జ్వరం వచ్చి తగ్గిన బిడ్డకు వేళ్ళు ఊడుతున్నాయంటే, ఆలస్యమైనా గుండె పరీక్ష చేయించాలి.

చర్మం ఊడిన ప్రతి బిడ్డకూ ఈ వ్యాధి ఉన్నట్లు కాదు. స్కార్లెట్ జ్వరం తరువాత కూడా వేళ్ళు ఇలాగే ఊడుతాయి. అది గొంతు నొప్పితో వచ్చే స్ట్రెప్టోకాకస్ వ్యాధి, పెన్సిలిన్‌కు లొంగుతుంది. స్టాఫిలోకాకస్ విషం వలన పసిపిల్లల ఒళ్ళు కాలినట్లుగా ఎర్రబడి, ముట్టుకుంటేనే నొప్పి పుట్టి, పెద్ద పొరలుగా లేచిపోతుంది. కొత్తగా మందు వాడిన తరువాత నోటిలో, కళ్ళలో పుండ్లతో చర్మం ఊడితే అది మందు పడకపోవడం కావచ్చు. ఈ రెండూ అత్యవసర స్థితులే. చేయి-కాలు-నోరు వ్యాధి (హ్యాండ్ ఫుట్ మౌత్) తగ్గాక వేళ్ళు ఊడడం, గోళ్ళు రాలడం సాధారణం, భయం లేనిది. జ్వరమేమీ లేకుండా ఏటా ఒక కాలంలో అరచేతులు పొరలు ఊడే పిల్లలూ ఉన్నారు.

తెలుగునాట జ్వరంతో ఒళ్ళు పేలితే అమ్మవారు పోసిందని భావించి, వేపాకులు పరచి, మందు ఇవ్వకుండా ఉంచే ఆచారం ఉన్నది. తట్టు, ఆటలమ్మ వంటివి చాలామందిలో వాటంతట అవే తగ్గడం వలన ఆ ఆచారం నిలిచింది. ఐదవ రోజుకు కూడా దిగని జ్వరాన్ని మాత్రం ఆ లెక్కలో వేయరాదు.

కారణాలు

ఈ వ్యాధికి కారణం ఇంతవరకు తెలియదు. ఒకరి నుండి మరొకరికి అంటుకున్నట్లు ఆధారాలు లేవు. ఏదో ఒక సూక్ష్మజీవి లేదా గాలిలోని పదార్థం, జన్యుపరంగా అనుకూలత ఉన్న పిల్లలలో రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడుతుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. జపానులో 1979, 1982, 1986 సంవత్సరాలలో ఇది దేశమంతటా ప్రబలింది. జపాను సంతతి పిల్లలకు ఇతర దేశాలలో పెరిగినా ఎక్కువగానే వస్తుంది. మగపిల్లలలో ఆడపిల్లల కంటే ఒకటిన్నర రెట్లు అధికం. బిడ్డకు పెట్టిన తిండి, స్నానం చేయించిన సబ్బు వంటివి దీనికి కారణం కావు. తల్లులు తమను తాము నిందించుకోవలసిన పని లేదు.

భారతదేశంలో దీర్ఘకాలంగా నమోదులు నిర్వహిస్తున్న చండీగఢ్‌లోని పి.జి.ఐ. సంస్థలో 1994 తరువాతి పదిహేనేళ్ళలో గుర్తించిన కేసులు అనేక రెట్లు పెరిగాయి. వ్యాధి పెరిగిందా, గుర్తించే కన్ను పెరిగిందా అన్నది వేరే చర్చ. 2020లో కోవిడ్-19 సోకిన కొన్ని వారాలకు పిల్లలలో దీనిని పోలిన తీవ్ర లక్షణాలు కనిపించాయి. అది వేరే వ్యాధి అని తరువాత తేలింది. అది ఎక్కువగా బడి వయసు పిల్లలకు వచ్చింది, రక్తపోటు పడిపోవడం అందులో అధికం.

నిర్ధారణ

ఈ వ్యాధిని ఖచ్చితంగా తేల్చే రక్తపరీక్ష లేదు. సి.ఆర్.పి., ఇ.ఎస్.ఆర్., తెల్ల రక్తకణాలు పెరగడం, మూత్రంలో సూక్ష్మజీవులు లేకుండా చీము కణాలు ఉండడం అనుమానాన్ని బలపరుస్తాయి. హృదయ ధమనులను ఎకోకార్డియోగ్రఫీ ద్వారా చూస్తారు. తొలి పరీక్షలో ధమనులు మామూలుగా ఉన్నంత మాత్రాన వ్యాధి లేదనుకోరాదు. ఏడాది లోపు శిశువులలో, ముఖ్యంగా ఆరు నెలల లోపు వారిలో, ఒకటి రెండు లక్షణాలే కనిపించి వ్యాధి అసంపూర్ణ రూపంలో ఉండవచ్చు. గుర్తించడం కష్టమైన ఈ పసివారికే ధమనులు దెబ్బతినే అవకాశం ఎక్కువ కావడం ఈ వ్యాధిలోని విషాదం.

చికిత్స

ప్రధాన చికిత్స ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను సిర ద్వారా ఎక్కించడం. దీని ఉపయోగాన్ని 1984లో జపాను వైద్యులు వెల్లడించగా, 1986లో అమెరికాలో జరిగిన పరిశోధన ధృవపరచింది. కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున 10 నుండి 12 గంటల పాటు ఒకేసారి ఎక్కిస్తారు. 10 కిలోల బిడ్డకు 20 గ్రాములు అవసరం. వేలమంది రక్తదాతల ప్లాస్మా నుండి తయారయ్యే ఈ మందు ఖరీదైనది, కనుక కొన్ని కుటుంబాలు వెనుకాడడం సహజమే. జ్వరం వచ్చిన పది రోజుల లోపు ఇవ్వడం ముఖ్యం. దీనితో పాటు ఆస్పిరిన్ ఇస్తారు. ఇతర జ్వరాలలో పిల్లలకు ఆస్పిరిన్ నిషిద్ధం. ఈ వ్యాధి అరుదైన మినహాయింపు, అదీ వైద్యుని పర్యవేక్షణలోనే. పది నుండి ఇరవై శాతం పిల్లలలో మొదటి మోతాదుకు జ్వరం తగ్గదు. వారికి రెండవ మోతాదు గాని, స్టీరాయిడ్లు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు గాని వాడతారు.

ధమనులు మామూలుగా ఉన్న పిల్లలకు ఆరు నుండి ఎనిమిది వారాలకు మరల ఎకో తీసి, ఆస్పిరిన్ ఆపివేస్తారు. ఆ పిల్లలు అందరిలాగే ఆడుకోవచ్చు, చదువుకోవచ్చు. చిన్న ఉబ్బులు చాలావరకు ఒకటి రెండేళ్ళలో సర్దుకుంటాయి. 8 మిల్లీమీటర్లకు మించిన ఉబ్బు ఉన్నవారికి మాత్రం రక్తం గడ్డకట్టకుండా దీర్ఘకాలం మందులు, జీవితాంతం గుండె వైద్యుని పరిశీలన అవసరం. ఇమ్యునోగ్లోబ్యులిన్ తీసుకున్న పిల్లలకు తట్టు, ఆటలమ్మ టీకాలను సాధారణంగా 11 నెలలు వాయిదా వేస్తారు, ఎందుకంటే ఎక్కించిన ప్రతిరక్షకాలు ఆ టీకాలను పనిచేయనీయవు. మిగిలిన టీకాలను ఆపవలసిన అవసరం లేదు.