గోడ ఉన్న చోట రింగు రోడ్డు

రాజంపేట, రాయచోటి వైపు ఎవరైనా "మావోడు కువైట్‌లో డ్రైవరు" అంటే ఎవరికీ వివరం చెప్పక్కర్లేదు. వీసా, కఫీలు, నెలనెలా వచ్చే డబ్బు, రెండేళ్లకోసారి సెలవు: ఈ కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంటుంది. కానీ ఆ డ్రైవరు రోజంతా తిరిగే ఊరు ఎలా పుట్టిందో మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. ఆ సంగతి తెలిస్తే అతని ఉద్యోగం ఎందుకు పుట్టిందో కూడా తెలుస్తుంది.

పాత కువైట్ సముద్రం ఒడ్డున, మట్టి గోడ లోపల ఇమిడిపోయిన ఊరు. ఎడారి నుంచి వచ్చే దాడులకి భయపడి 1920లో కట్టుకున్న గోడ అది. చమురు 1938లో బయటపడింది, 1946లో ఎగుమతి మొదలైంది. 1950లో అబ్దుల్లా అల్ సాలెం పాలకుడయ్యాక డబ్బుతో పాటు తొందర కూడా వచ్చింది. మినోప్రియో, స్పెన్స్‌లీ, మెక్‌ఫార్లేన్ అనే బ్రిటిష్ ప్లానర్లు 1952లో కొత్త ఊరికి నక్షా గీశారు. పాత ఊరి చుట్టూ అర్ధచంద్రాకారంలో ఒకదాని వెనక ఒకటిగా రింగు రోడ్లు, వాటిని కోస్తూ బయటికి పోయే పెద్ద రోడ్లు, మధ్యలో ఇళ్ల పేటలు. 1957లో గోడని కూల్చేశారు. దర్వాజాలు మాత్రం గుర్తుగా ఉంచారు. గోడ ఉన్న దారినే పోయే రోడ్డుని ఇప్పటికీ సూర్ వీధి అంటారు. అరబ్బీలో సూర్ అంటే గోడే. ఇంకో విచిత్రం ఏంటంటే, ఈ ఊరంతా లేస్తున్న రోజుల్లో అక్కడ చెల్లింది మన రూపాయే. దినారు 1961లో గానీ రాలేదు.

కొత్తగా స్టీరింగు పట్టుకున్నవాడికి ఈ నక్షా పైకి చాలా సులువు. బండి కుడివైపు నడపాలి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది; కొన్నాళ్లకి చేతులు అలవాటు పడతాయి. రోడ్లకి నంబర్లున్నాయి: ఫస్ట్ రింగు నుంచి సెవెంత్ రింగు దాకా, అడ్డంగా పోయేవాటికి 30, 40. అడ్రసంటే పేట పేరు, బ్లాకు, వీధి, ఇల్లు. మన ఊళ్లలోలాగా "రావిచెట్టు దాటాక ఎడమకి" అనే బాధ లేదు. అరబ్బీ చదవడం రాకపోయినా అంకెలు గుర్తుపడితే గమ్యం చేరొచ్చు.

అయితే అదే నక్షా ఇంకో పని కూడా చేసింది. ఇల్లు ఒక చోట, ఆఫీసు ఒక చోట, దుకాణం ఒక చోట అని విడదీసింది. ఎండాకాలం 50 డిగ్రీల దగ్గరికి వెళ్లే ఊళ్లో అంతంత దూరాలు నడవగలిగేదెవరు? సౌదీలో డ్రైవరు అవసరానికి ఒక కారణం 2018 జూన్ 24 దాకా ఆడవాళ్ల డ్రైవింగుపై ఉన్న నిషేధం. కువైట్‌లో ఆ నిషేధం లేదు, ఆడవాళ్లు ఎప్పట్నుంచో నడుపుతున్నారు. అయినా పిల్లల్ని బడికి దించాలి, పెద్దవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, సరుకులు తేవాలి. అలా ఇంటి డ్రైవరు ఆ ఇంటి దినచర్యలో భాగమైపోయాడు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం దిగింది. అప్పుడు కువైటీలు చేసిన పనుల్లో ఒకటి వీధుల బోర్డులు, ఇళ్ల నంబర్లు పీకెయ్యడం. వెతికేవాడికి ఇల్లు దొరక్కూడదు. నంబర్ల మీద నడిచే ఊరు ఒక్కసారిగా కొత్తవాడికి అర్థం కాని ఊరైపోయింది. దారి తెలిసింది రోజూ తిరిగినవాళ్లకే. ఆ రోజుల్లోనే వేలాది భారతీయులు బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు దాదాపు 1,70,000 మందిని ఇంటికి చేర్చాయి. ఊరిని బాగా ఎరిగినవాళ్లలో చాలామందికి ఆ ఊళ్లో ఉండే హక్కే గట్టిగా లేదని అప్పుడు తేలిపోయింది.

ఆ మాట నేటికీ లైసెన్సు దగ్గర తెలుస్తుంది. మామూలు విదేశీయుడికి కువైట్ లైసెన్సు కావాలంటే డిగ్రీ, రెండేళ్ల నివాసం, 600 దినార్ల జీతం ఉండాలని గత దశాబ్దంలో నిబంధనలు బిగించారు. ఇంటి డ్రైవరుకి ఇవేవీ అక్కర్లేదు, ఎందుకంటే అతని పనే డ్రైవింగు. కానీ ఆ లైసెన్సు అతని వీసాకీ వృత్తికీ కట్టేసి ఉంటుంది. పని పోతే దానికి విలువ లేదు. పదేళ్లు నడిపిన అనుభవం మాత్రం చేతుల్లోనే ఉండిపోతుంది.

ఇంట్లో పనిచేసేవాళ్లకి 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం రోజుకి 12 గంటలే పని అంది, వారానికో సెలవు అంది. అంతకుముందు వాళ్లు కార్మిక చట్టం పరిధిలోనే లేరు. మంచి మార్పే, కాదనలేం. కానీ డ్రైవరు పనిని గంటల్లో కొలవడం అంత తేలిక కాదు. పెళ్లి విందు బయట అర్ధరాత్రి దాకా ఏసీ ఆపేసిన కారులో కూర్చున్న గంటలు ఏ లెక్కలోకి వస్తాయి? బండి కదలకపోతే పని ఆగినట్టేనా? ఆ డ్రైవరు ఫోను ఆన్‌లోనే ఉంటుంది, పిలుపొస్తే మూడు నిమిషాల్లో గేటు దగ్గరుండాలి. ఈ లెక్క తేలేదాకా చట్టంలో ఉన్న 12 గంటలు అతనికి సగమే అందినట్టు.