బొమ్మకు దండం, గీసిన చేతికి బాకీ

సూపర్‌హీరో సినిమా మధ్యలో హాల్లో ఒక మూల నుంచి ఉన్నట్టుండి ఈలలు వినపడతాయి. పక్కవాళ్లకు ఎందుకో అంతుపట్టదు. పాత కామిక్ పుస్తకంలోని బొమ్మ ఒకటి తెర మీద అలా మెరిసి మాయమై ఉంటుంది. ఈ మెరుపుల జాబితాలు రాసేవాళ్లకు కొదవలేదు. జాబితాల్లోకి ఎక్కనిది ఒకటుంది: హాలీవుడ్ కామిక్ బొమ్మకు పెట్టినంత సులువుగా ఆ బొమ్మ గీసిన చేతికి దండం పెట్టలేదు. ఈ నివాళుల చరిత్రను అక్కడి నుంచి చదవాలని నా వాదన.

1938 జూన్ తేదీతో వచ్చిన 'యాక్షన్ కామిక్స్' తొలి సంచిక అట్ట మీద సూపర్‌మ్యాన్ ఆకుపచ్చ కారును నెత్తికెత్తి బండకేసి కొడుతుంటాడు. రాసిన జెర్రీ సీగెల్, గీసిన జో షుస్టర్ కలిసి ఆ పాత్ర హక్కులను 130 డాలర్లకు అమ్ముకున్నారు. 1966లో మొదలైన బాట్‌మ్యాన్ టీవీ సీరియల్ దెబ్బ పడ్డప్పుడల్లా 'పౌ', 'బ్యామ్' అని రంగు అక్షరాలు చల్లి కామిక్స్‌ని వేళాకోళం చేసింది. రిచర్డ్ డానర్ తీసిన 'సూపర్‌మ్యాన్' (1978) ఆ వరసకు స్వస్తి చెప్పి, ఓ పిల్లాడు కామిక్ పుస్తకం పేజీలు తిప్పుతుండగా మొదలవుతుంది. సూపర్‌మ్యాన్‌గా బట్టలు మార్చుకోవడానికి ఫోన్ గది కోసం పరుగెత్తుకొచ్చిన క్లార్క్ కెంట్, నిలువెత్తు గది లేని ఫోన్ ముందు ఆగి పైకీ కిందికీ చూసే చమత్కారమూ ప్రేమతో చేసిందే. కానీ టైటిల్స్‌లో సీగెల్, షుస్టర్ పేర్లు మాత్రం ప్రేమతో పడ్డవి కావు. సినిమా రాబోతోందని తెలిసిన సీగెల్ 1975లో ఆ సినిమాను శపిస్తూ పత్రికలకు ప్రకటన పంపాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి చిత్రకారులు పట్టుబట్టారు. అప్పుడు గానీ వార్నర్ సంస్థ ఏడాదికి తలా 20 వేల డాలర్లకు, పేరు వేయడానికి దిగిరాలేదు.

బాట్‌మ్యాన్ సంగతి ఇంకా చేదు. టిమ్ బర్టన్ సినిమాలో (1989) పత్రికాఫీసు కార్టూనిస్టు ఒకడు సూటు తొడిగిన గబ్బిలం బొమ్మను విలేకరి చేతికిస్తాడు. బొమ్మ మీద బాట్‌మ్యాన్‌ను గీసిన బాబ్ కేన్ సంతకం ఉంటుంది. ముద్దొచ్చే నివాళే, కాకపోతే సగం నివాళి. ఆ పాత్రకు ముసుగునూ రెక్కల్లాంటి అంగీనీ సూచించి, బ్రూస్ వేన్ అనే పేరు పెట్టి, కథలల్లిన బిల్ ఫింగర్ 1974లోనే అనామకుడిగా పోయాడు. అతని పేరు అధికారికంగా కేన్ పక్కన చేరింది 2015లో.

పేర్ల పంచాయితీ వకీళ్ల పని, కళతో దానికేం సంబంధం అనవచ్చు. కామిక్సే సినిమాల నుంచి అప్పు తెచ్చుకున్నాయి కదా అని కూడా అనవచ్చు. నిజమే, జోకర్ నవ్వుకు మూలం 1928 నాటి మూకీ సినిమాలో కాన్రాడ్ వైట్ ముఖం. అయితే నివాళి అన్న మాటే ఎవరికి అని అడుగుతుంది. 'వాచ్‌మెన్' (2009) చూడండి. జాక్ స్నైడర్ ఎన్నో కామిక్ గళ్లను ఉన్నవి ఉన్నట్టు షాట్లుగా దించాడు, నెత్తుటి చుక్క పడిన నవ్వు బ్యాడ్జీతో సహా. బొమ్మలు గీసిన డేవ్ గిబ్బన్స్ పేరు పడింది. కథ రాసిన అలాన్ మూర్ మాత్రం తన పేరు వద్దన్నాడు, డబ్బూ వద్దన్నాడు. అంత నమ్మకంగా దించిన సినిమాలో రచయిత చోటు ఖాళీ.

పోనీ, చేతిని మరిచిపోతే కళకు వచ్చే నష్టమేమిటి? 1966 ఫిబ్రవరి తేదీతో వచ్చిన 'అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' 33వ సంచికలో హీరో ఇనుప యంత్రాల కింద నలిగిపోతుంటాడు. అతను కాస్త కాస్తగా లేస్తుంటే బొమ్మలు గీసిన స్టీవ్ డిట్కో గళ్లు కూడా పెరుగుతూ పోయి, బరువు విసిరేసే చోట పేజీ మొత్తం ఒకే బొమ్మ అవుతుంది. 'స్పైడర్‌మ్యాన్: హోమ్‌కమింగ్' (2017) సినిమా శిథిలాలను తీసుకుంది, నీటి మడుగులో సగం ముఖం సగం ముసుగుగా కనిపించే డిట్కో ముద్రనూ తీసుకుంది. పేజీ పెరిగే ఆ లెక్క మాత్రం తెరకు దక్కలేదు. ఎందుకంటే అది బొమ్మలో లేదు, బొమ్మలను పేర్చిన చేతిలో ఉంది.

ఆ చేతి పనిని, దానితో పాటు ముద్రణాలయాన్ని కూడా పట్టుకున్నది 'ఇంటు ద స్పైడర్‌వర్స్' (2018). పాత కామిక్స్‌లో చవక కాగితం మీద నాలుగు రంగుల అచ్చులో చర్మం రంగు చుక్కలుగా పడేది. ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగితే గీత ఒకచోట, రంగు ఒకచోట. అచ్చుపనివాళ్లు తలపట్టుకునే ఆ తప్పునే ఈ సినిమా కళగా మార్చింది. కెమెరాలో దూరపు వస్తువు మసకబారాల్సిన చోట, ఇక్కడ రంగులు అచ్చు తప్పినట్టు విడిపోతాయి. ఆ ఏడాదే కన్నుమూసిన స్పైడర్‌మ్యాన్ రచయిత స్టాన్ లీకి, డిట్కోకి సినిమాను అంకితమిచ్చారు.

మిగిలింది 'ఫెంటాస్టిక్ ఫోర్' బొమ్మలు గీసిన జాక్ కర్బీ. 1994లో చనిపోయిన అతని వారసులకూ మార్వెల్‌కూ మధ్య వ్యాజ్యం 2014లో రాజీతో ముగిసింది. 2025 నాటి 'ఫెంటాస్టిక్ ఫోర్' సినిమా జరిగే లోకం సంఖ్య 828. అది కర్బీ పుట్టిన ఆగస్టు 28.