కాగితంపై పొందికగా, తెరపై ఇరుకుగా: ఫాంట్ల సాంకేతికతలో తెలుగు అక్షరం

పుస్తకంలో తీర్చిదిద్దినట్లు కనిపించే తెలుగు అక్షరం కంప్యూటర్ తెరపై అలుక్కుపోయినట్లు ఉండడానికి ప్రధాన కారణం చుక్కల లెక్క. అంగుళానికి 96 చుక్కలుండే సాధారణ తెరపై 12 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు 16 చుక్కలు మాత్రమే. అదే పరిమాణానికి 600 చుక్కల లేజర్ ప్రింటర్ 100 చుక్కలు కేటాయిస్తుంది. ‘స్త్రీ’ అనే ఒక్క మాటలోనే పైన గుడిదీర్ఘం, నడుమ సకారం, కింద తావత్తు, రావత్తు ఉన్నాయి. ఇవన్నీ ఆ 16 వరుసల్లోనే సర్దుకోవాలి. రోమన్ లిపికి ఇంతటి ఇరుకు లేదు.

అక్షరాన్ని చుక్కలుగా కాక వక్రరేఖలతో కూడిన రూపరేఖగా దాచి, ఏ పరిమాణానికైనా పెంచుకునే పద్ధతిని విస్తృతంగా వ్యాప్తిలోకి తెచ్చింది అడోబీ సంస్థ 1984లో రూపొందించిన పోస్ట్‌స్క్రిప్ట్. దాని టైప్ 1 ఫాంట్లు 1985లో వచ్చిన ఆపిల్ లేజర్‌రైటర్‌తో అచ్చు రంగంలో స్థిరపడ్డాయి. దానికి పోటీగా ఆపిల్ రూపొందించిన ట్రూటైప్ 1991లో వెలువడింది. మరుసటి ఏడాది విండోస్ 3.1లోనూ చేరింది.

అచ్చుకు టైప్ 1, తెరకు ట్రూటైప్ మేలన్న మాట డీటీపీ కేంద్రాల్లో చాలాకాలం వినిపించింది. ఇందులో సగమే నిజం. టైప్ 1 త్రిఘాత వక్రరేఖలను, ట్రూటైప్ ద్విఘాత వక్రరేఖలను వాడతాయి. అయితే జాగ్రత్తగా గీసిన ఫాంట్‌లో ఈ తేడా 600 చుక్కల ముద్రణలో కంటికి ఆనదు. అసలు తేడా హింటింగ్‌లో ఉంది. తక్కువ చుక్కల్లో రేఖలు ఎక్కడ నిలవాలో చెప్పే సూచనలే హింటింగ్. టైప్ 1 ఈ పనిని ఎక్కువగా అక్షరాన్ని చిత్రించే సాఫ్ట్‌వేర్‌కు వదులుతుంది. ట్రూటైప్‌లో ప్రతి అక్షరానికీ విడిగా ఆదేశాలు రాయవచ్చు. శ్రద్ధగా రాస్తే తెరపై ఫలితం బాగుంటుంది. వందల వత్తులు, గుణింత రూపాలున్న తెలుగు ఫాంట్‌కు అది ఎంతో శ్రమతో కూడిన పని.

మైక్రోసాఫ్ట్ 2001లో విండోస్ ఎక్స్‌పీతో అందించిన క్లియర్‌టైప్ ఎల్‌సీడీ తెరపై ప్రతి చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలను విడివిడిగా వాడుకుంది. ఈ భాగాలు పక్కపక్కనే ఉంటాయి కనుక స్పష్టత అడ్డంగా పెరిగిందే తప్ప నిలువుగా కాదు. నిలువుగా పేరుకునే తెలుగు వత్తులకు ఆ మేలు పరిమితంగానే అందింది. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ నిలువు దిశలో కూడా అంచులను నునుపు చేయగలిగింది. అంగుళానికి 400 చుక్కలు దాటిన నేటి ఫోన్లలో హింటింగ్ ప్రసక్తి దాదాపు లేదు.

నాణ్యత అందానికి మాత్రమే సంబంధించినది కాదు. పాత 8 బిట్ ఫాంట్లలో 256 స్థానాలే ఉండేవి. ఇంగ్లీషు అక్షరాల చోట్ల తెలుగు ముక్కలను ఉంచి పేజీలు కూర్చేవారు. అచ్చు చక్కగా వచ్చేది. కానీ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని రోమన్ అక్షరాల వరుసే. మాట వెతకడానికీ వీలుండదు. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ ప్రకటించిన ఓపెన్‌టైప్ రెండు రకాల వక్రరేఖలనూ స్వీకరించింది. ‘స్త్రీ’ ఇప్పుడు ఆరు సంకేతాలుగా భద్రమవుతుంది. వత్తులను ఎంచి అమర్చే నియమాలు ఫాంట్‌లో ఉంటాయి. ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంట్ ఈ విధానంలోనిదే.

అడోబీ 2023 జనవరిలో తన ఉత్పత్తుల్లో టైప్ 1కు మద్దతు నిలిపివేసింది. రూపరేఖలను ఓపెన్‌టైప్‌లోకి మార్చుకోవడం కష్టం కాదు. చిక్కంతా 8 బిట్ తెలుగు ఫైళ్లతోనే. ఒక్కో తయారీదారు ఒక్కో స్థానంలో ఒక్కో ముక్కను ఉంచినందున ప్రతి ఫాంట్ కుటుంబానికీ వేరే మార్పిడి పట్టిక కావాలి. మార్చిన తర్వాత వత్తుల క్రమాన్ని మనిషి సరిచూడాలి. ఫాంట్ పేరే తెలియని ఫైలుకు తరచూ మిగిలే దారి ముద్రిత ప్రతిని పక్కన పెట్టుకొని మళ్లీ టైపు చేయడమే.