విజయపురి ఇక్ష్వాకులు: పక్షాల నడుమ ప్రతిష్ఠ

నేడు నాగార్జున సాగర్ జలాశయం కింద మునిగి ఉన్న లోయలో, శాతవాహనుల పాలన అంతరించిన తరువాత, క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు విజయపురిని రాజధానిగా చేసుకుని తెలుగు నేలలో పెద్ద భాగాన్ని పాలించారు. ఆ నగరంలో యజ్ఞయాగాదులు నిర్వహించే వైదికులు, కార్తికేయుని, శివుని, విష్ణువును కొలిచే భక్తులు, తమలో తామే అనేక శాఖలుగా చీలిన బౌద్ధ భిక్షువులు ఒకే లోయలో పక్కపక్కన నివసించారు. ప్రతి శాఖకూ తనదైన గురుపరంపర, తనదైన వినయం, అనగా భిక్షువుల నియమావళి, తనదైన విహారం ఉండేవి. ఇన్ని పక్షాల మన్ననను ఒక్క రాజకుటుంబం ఏకకాలంలో ఎలా నిలుపుకున్నదనే ప్రశ్నకు అక్కడి శిలాశాసనాలే సమాధానం చెబుతాయి.

నేటి పాత్రధారణ వీడియో గేములలో ఇదే సమస్య ఆటకు ఆయువుపట్టుగా ఉంటుంది. వాటిలో ఆటగాడు చేసే ప్రతి పనికీ ఒక్కో వర్గం వద్ద అతని పేరు పెరగడమో తరగడమో జరుగుతుంది. 2010లో విడుదలైన ‘ఫాలౌట్: న్యూ వేగాస్’లో మంచిపేరును, చెడ్డపేరును వేర్వేరుగా లెక్కించడం వల్ల తరువాత చేసిన మేలు పాత కీడును తుడిచివేయదు. అక్కడ భారమంతా ఒక్క కథానాయకుడే మోయాలి. విజయపురిలో మాత్రం ఆ భారం కుటుంబ సభ్యుల మధ్య పంపకమైంది. ఇక్ష్వాకుల రాజనీతిలో ప్రధానాంశం ఇదే.

వంశస్థాపకుడైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడిగా, మహాసేనుని, అనగా కార్తికేయుని, అనుగ్రహం పొందినవాడిగా శాసనాలలో కీర్తి పొందాడు. అతని సోదరి, మహాతలవర అనే ఉన్నత పదవిలో ఉన్న పూకీయ వంశీయుని భార్య అయిన శాంతిశ్రీ, అతని కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో బౌద్ధ మహాచైత్యానికి, అనగా పెద్ద స్తూపానికి, స్తంభాలు ఎత్తించింది. స్తూపానికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకువచ్చిన వేదికల మీద వేదికకు అయిదేసి చొప్పున నిలిపే ఈ స్తంభాలను ఆయక స్తంభాలు అంటారు. వాటి మీది ప్రాకృత శాసనం బుద్ధునికి నమస్కారంతో మొదలై, సోదరుని యాగాలను, అతడు దానమిచ్చిన కోట్ల బంగారాన్ని, లక్షల గోవులను, లక్షల నాగళ్ల నేలను స్తుతించి, ఆ తరువాతనే బౌద్ధ దానాన్ని పేర్కొని, ఇహపరాలలో అందరి హితాన్ని, దాత నిర్వాణాన్ని కోరుతుంది. వైదిక యజమాని కీర్తి బౌద్ధ స్తూపం మీదనే చెక్కబడినందున, ఒక పక్షం ముందు మరొక పక్షాన్ని దాచవలసిన అవసరం ఆ కుటుంబానికి కలగలేదని స్పష్టమవుతున్నది. శాంతిశ్రీ వీరపురుషదత్తునికి మేనత్త మాత్రమే కాదు, అత్తగారు కూడా. 18వ సంవత్సరంలో ఆమె కట్టించిన చైత్యగృహ శాసనం అల్లుని ఆయుర్వృద్ధిని, విజయాన్ని కోరుతుంది.

ఆమె ఆదరించిన అపరమహావినశైలీయులనే బౌద్ధ శాఖకే కాక ఇతర శాఖలకు కూడా రాజగృహం నుంచి పోషకులు లభించారు. వీరపురుషదత్తుని రాణి భట్టిదేవ తన కుమారుడు ఎహువుల శాంతమూలుని 2వ సంవత్సరంలో బహుశ్రుతీయులకు విహారం కట్టించగా, ఆ రాజు సోదరి కొడబలిసిరి 11వ సంవత్సరంలో మహీశాసకులకు మరొక విహారాన్ని సమర్పించింది. అదే 11వ సంవత్సరంలో ఎలిసిరి అనే సేనాని సర్వదేవుని పేర శివాలయం నిర్మించి, దాన్ని సంస్కృత శాసనంలో నమోదు చేయించాడు. ఒక వైపు చూపిన ఆదరం మరొక వైపు అలక్ష్యంగా కనబడకుండా దానాలు ఇలా సమాంతరంగా సాగాయి.

ఈ నడవడి అంతఃపురానికే పరిమితం కాలేదు. వీరపురుషదత్తుని 14వ సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక, అనగా గృహస్థ భక్తురాలు, సింహళ థేరవాద ఆచార్యుల కోసం చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలోనే ఆమె ఇతర దానాలు వరుసగా కనిపిస్తాయి: సింహళ విహారంలో బోధివృక్ష ప్రాసాదం, పూర్వశైలంలో చెరువు, మండపం, కంటకశైలంలో మహాచైత్యపు తూర్పు ద్వారం వద్ద రాతిమండపం, మరికొన్ని చోట్ల భిక్షువుల గదులు. ఒక్క స్త్రీ అనేక సంఘాలకు చేసిన మేలు ఒకే రాతి మీద అందరికీ తెలిసేలా నిలిచింది.

పొరుగు రాజ్యాల విషయంలో ఇదే పని వివాహాల ద్వారా సాగింది. వీరపురుషదత్తుడు మేనరికాలతో స్వకుటుంబ బంధాన్ని బిగించుకుంటూనే ఉజ్జయిని రాజపుత్రి రుద్రధరభట్టారికను రాణిగా స్వీకరించాడు. కొడబలిసిరి వనవాస మహారాజుకు భార్య అయింది. పుట్టింటి నగరంలో ఆమె కట్టించిన విహారం ఒకే సమయంలో మహీశాసకుల ఆదరాన్ని, రెండు రాజగృహాల సంబంధాన్ని చాటింది.

రాజధానికి దూరంగా కూడా ఈ సంప్రదాయం వేళ్లూనింది. కోదాడకు చేరువలోని జగ్గయ్యపేట స్తూపం వద్ద వీరపురుషదత్తుని 20వ సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పకారుడు అయిదు ఆయక స్తంభాలు నిలిపాడు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తరువాతి ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ సంవత్సరపు శాసనం లభించింది. అయితే 4వ శతాబ్దపు తొలి భాగంలో రాజవంశం క్షీణించడంతో, దాని ఆదరం మీద ఎక్కువగా ఆధారపడిన విజయపురి విహారాలు మునుపటి వైభవాన్ని నిలుపుకోలేకపోయాయి. పోషణను పక్షాల మధ్య ఎంత నేర్పుగా పంచినా, ఇచ్చే చేయి ఒకే ఇంటిది కావడమే ఆ వ్యవస్థలోని బలహీనత.

1955 డిసెంబరు 10న నాగార్జున సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన కాలంలో, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సాగిన తవ్వకాలు ఈ చరిత్రను నీటిపాలు కాకుండా కాపాడాయి. కొన్ని కట్టడాలను లోయలోని నాగార్జునకొండ మీదను, జలాశయపు ఒడ్డున ఉన్న అనుపులోను తిరిగి నిర్మించారు. వైదిక యాగశాలను, స్తూపాన్ని, శివాలయాన్ని ఒకే పరిశోధనలో సమానమైన శ్రద్ధతో నమోదు చేసినందువల్లనే, ఏ ఒక్క మతానికీ చెందని విజయపురి నిజస్వరూపం నేటి తెలుగు పాఠకునికి దక్కింది. ఇక్ష్వాకుల కాలాన్ని బౌద్ధయుగమనో వైదిక పునరుద్ధరణ యుగమనో ఒకే పేరుతో పిలిస్తే, ఆ కుటుంబం ఎంతో శ్రమించి నిలిపిన సమతూకం చరిత్ర నుంచి తప్పిపోతుంది.